పది రూపాయల పోస్టల్ ఆర్డర్

నాన్న పోయాక ఇంటి పన్ను అమ్మ పేరు మీదకి మార్చడానికి ఏడు నెలలు తిరిగాను. మద్దిలపాలెంలో బస్సెక్కడం, చెమటలు కక్కుకుంటూ మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళడం, "సారు మీటింగులో ఉన్నారు, సోమవారం రండమ్మా" అనిపించుకుని రావడం. ఏ సోమవారమో ఎవరూ చెప్పరు.

మా వీధి మాస్టారు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టమన్నారు. 2005 నాటి చట్టం, ఫీజు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్, ఎందుకు అడుగుతున్నావని వాళ్ళు అడగకూడదు, 30 రోజుల్లో జవాబివ్వాలి, కారణం లేకుండా ఆలస్యం చేస్తే ఆ అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. నేను అడిగింది ఒక్కటే: నా ఫైలు ఏ తేదీ నుంచి ఎవరి దగ్గరుంది?

జవాబు రాకముందే ఫోనొచ్చింది, "మీ పని అయిపోయిందండీ".

సంతోషం కంటే ఒళ్ళు మండింది నాకు. అంటే ఇన్నాళ్ళూ అయ్యే పనేగా! (అమ్మ మాత్రం పులిహోర కలిపింది.)

క్యూలో నా వెనక ఒక పెద్దావిడ ఉండేది, పెందుర్తి నుంచి వచ్చేది, చదువు రాదు. ఆవిడ దరఖాస్తు నేనే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాను. ఇవాళ్టికి పన్నెండో రోజు.