నలుగురు పోతె పదిహేను వేలు పోయినయ్

మొన్న ఐతారం నర్సంపేట దిక్కు మా ఊరికి పోయిన. మా చిన్నమ్మ మహిళా సంఘం అధ్యక్షురాలు, 2024ల సర్కారు బళ్ల మంచిచెడ్డలు చూసేందుకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టినప్పుడు ఊరి బడికి గామెనే చైర్‌పర్సన్ అయింది, హెచ్‌ఎం సారు కన్వీనర్. చాయ్ ఇచ్చి నోట్‌బుక్ ముందటేసింది. "చూడు బిడ్డా, ఈ లెక్క నాకైతే సమజ్ అయితలేదు."

లెక్క ఏందంటే, సమగ్ర శిక్ష అనే సర్కారు పథకం కింద బడికి ఏడాదికి కాంపోజిట్ గ్రాంట్ వస్తది, చాక్‌పీసులు, రిజిస్టర్లు, చీపుర్లు, నల్లా రిపేరు అన్నీ అండ్లకెళ్లే, అండ్ల పది శాతం శుభ్రతకే పెట్టాలె. పిల్లలు 31 నుంచి 100 దాకా ఉంటే 25 వేలు, 30 లోపైతే 10 వేలు. మాది యూపీఎస్, అంటే ప్రాథమికోన్నత బడి, ఒకటి నుంచి ఏడు దాకా. పోయినేడు 33 మంది ఉండె. ఈయేడు ఇద్దరికి గురుకులంల సీట్లొచ్చినయ్, ఇద్దరు పసుపుపచ్చ బస్సెక్కిండ్రు, మిగిలింది 29. నలుగురు పోతె 15 వేలు గాయబ్! మరి గదులేమన్న తగ్గినయా, బాత్రూంలు తగ్గినయా, ఊడ్సుడు తగ్గిందా?

సర్కారు బళ్లు బాగుచేసే మన ఊరు మన బడి పథకం అప్పుడు గూడ గిట్లనే అయింది. 2022 మార్చిల మొదలుపెట్టిండ్రు, 26 వేల పైచిలుకు బళ్లకు 7,289 కోట్లు అన్నరు, ఫస్ట్ ఫేజ్‌ల 9,123 బళ్లు. మండలంల పిల్లలు ఎక్కువున్న బళ్లే ముందు తీసుకున్నరు, మావోళ్లు పక్కూరి రంగులు చూసుకుంట కూసున్నరు. ఎక్కువ మందికి మేలైతది అంటే నిజమే, కాదనను, కానీ పడిపోతున్న బడికి పైసలు ఆపితే అది ఇంకింత పడిపోతది గదా, రంగులేని బడికి ఎవరు తోలుతరు, తోలకపోతె గ్రాంట్ ఏడికెళ్లి పెరుగుతది.

"అయితే ఇంకిద్దరు కావాలె చిన్నమ్మా" అన్న.

"రాసిపెట్టిన" అని ఆఖరి పేజీ తిప్పింది. రెండు పేర్లు, ఒకటి మా తమ్ముని బిడ్డది. "మీ తమ్మునికి నువ్వే చెప్పు బిడ్డా, నీ మాట ఇంటడు" అన్నది. నా కొడుకు హన్మకొండల ప్రైవేట్ బడికి పోతడని ఆమెకు ఎరుకనే. చాయ్ గ్లాసు కడిగే వంకతోని లేచిన.