సియెనా కేథడ్రల్: తల వంచుకుని చూడాల్సిన చర్చి

ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి బస్సులో సియెనా చేరాం. ఇరుకు సందుల్లో ఎక్కుతూ దిగుతూ వెళ్తే ఉన్నట్టుండి కేథడ్రల్ ఎదురుపడింది. ముఖద్వారం గోడ కింది సగాన్ని 1284 ప్రాంతంలో జొవాన్ని పిసానో అనే శిల్పి మొదలుపెట్టాడు. ప్రవక్తలు, జంతువులు, తీగలు... నా కంటికి కాస్త కిక్కిరిసినట్టే అనిపించింది. ఆయన చెక్కిన అసలు విగ్రహాలు పక్కనే ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. గోడ మీద ఉన్నవి నకళ్లు.

లోపల స్తంభాలకీ గోడలకీ నలుపు తెలుపు పాలరాతి చారలు. సియెనా నగర చిహ్నం రంగులూ అవే. పైన వరసగా పోపుల తల బొమ్మలు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్లలా మనల్నే చూస్తుంటాయి. అసలు సంగతి మాత్రం కాళ్ల కింద ఉంది.

నేలంతా బొమ్మలే. 14 నుంచి 16వ శతాబ్దం దాకా తరాల తరబడి చేసిన 56 ఘట్టాలు. జనం నడకకు అరిగిపోకుండా ఏడాదిలో ఎక్కువ కాలం చాలా భాగం కప్పి ఉంచుతారు. వేసవి, శరత్తుల్లో కొన్ని వారాలు తీస్తారు. మేం ఆ రోజులు చూసుకునే టికెట్లు కొన్నాం.

ఎడమ వైపున బైబిల్లోని హేరోదు రాజు పసిపిల్లల్ని చంపించే ఘట్టం ఉంది. మత్తెయో ది జొవాన్ని వేసింది. తాడు పక్కన వంగి చూశాను. తెల్లరాతిలో ఉలితో సన్నటి గాట్లు పెట్టి, వాటిలో నల్లటి పూత నింపారు. తల్లుల జుట్టు, బట్టల ముడతలు అన్నీ ఆ గీతలే. తర్వాత వచ్చిన బెక్కాఫుమి అనే చిత్రకారుడు ఇంకో అడుగు ముందుకేశాడు. రంగు తేడా ఉన్న రాళ్లను కోసి అతికి, వెలుగునీడలు కూడా రాతితోనే చూపించాడు. నాకు మాత్రం మత్తెయో గీతలే నచ్చాయి. పింతురిక్కియో అనే చిత్రకారుడు 1505లో రూపమిచ్చిన ఫలకం మరీ చిత్రం. అదృష్టదేవత ఒక కాలు గోళం మీద, ఇంకో కాలు పడవలో పెట్టి నిలబడితే, జ్ఞానులు రాళ్ల గుట్ట ఎక్కుతుంటారు. క్రేటెస్ అనే తత్వవేత్త నగలన్నీ సముద్రంలోకి పారబోస్తుంటాడు. చర్చి నేల మీద గ్రీకు తత్వవేత్తలేమిటా అనుకున్నాం.

నికోలా పిసానో 1265-68లో చేసిన ప్రసంగ వేదిక దగ్గర చాలాసేపు ఆగాం. ఎనిమిది పలకల వేదిక, దాన్ని మోసే స్తంభాల్లో కొన్నిటి కింద సింహాలు. కొడుకు జొవాన్ని, శిష్యుడు ఆర్నోల్ఫో ఆ పనిలో చేయి వేశారు. మైకెలాంజెలో కుర్రతనంలో చెక్కిన నాలుగు విగ్రహాల ముందు మాత్రం జనం పేరు చూసి ఆగుతున్నారంతే. పక్కనే ఉన్న పికొలోమిని లైబ్రరీలో పింతురిక్కియో కుడ్యచిత్రాల రంగులు నిన్న వేసినట్టున్నాయి.

మ్యూజియంలో దూచ్చో అనే చిత్రకారుడు చెక్క పలకల మీద వేసిన 'మయెస్తా' ఉంది, సింహాసనం మీద కూర్చున్న మరియమ్మ బొమ్మ. 1311లో ఊరంతా ఊరేగింపుగా దాన్ని కేథడ్రల్‌కు తెచ్చుకున్నారు. 1771లో రంపంతో కోసి విడదీశారు. కొన్ని ముక్కలు లండన్, వాషింగ్టన్‌ చేరాయి. కడుపు మండింది.

చివరికి 'ఫాచ్చతోనె' అనే సగంలో ఆగిన కట్టడం గోడ ఎక్కాం. ఇప్పుడున్న కేథడ్రల్‌ను అడ్డ భాగంగా కలుపుకుని, అంతకంటే పెద్దది కట్టాలని 1339లో మొదలుపెట్టారు. 1348లో ప్లేగు ఊరిని ఊడ్చేసింది, పని ఆగింది. మిగిలిన ఆ ఎత్తైన గోడలోపలే ఇరుకు మెట్లు. పైనుంచి ఊరి నడిబొడ్డున ఉన్న కాంపో మైదానం మొత్తం కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ మెట్ల జోలికి పోకండి.