పట్టా కుంట తూము పక్కన బుంగ పడితే: నా అనుభవం

దేవరకొండ వైపు మా తాత కట్టించిన కుంట ఒకటి మా పట్టా భూమిలోనే ఉంది. గుట్టల మీంచి దిగే ఒర్రెకు అడ్డంగా 14 అడుగుల మట్టికట్ట, పొలాలకు నీళ్లు వదిలే ఒక రాతి తూము, ఒక కొసన కుంట నిండితే ఎక్కువైన నీళ్లు పోయే అలుగు. దాని కింద మా వరి పొలంతో పాటు పక్కవాళ్ల పొలాలు, ఇంకాస్త దిగువన కొన్ని ఇళ్లు కూడా ఉన్నాయి. కట్ట తెగితే మొదట ఆ ఇళ్లకే ముప్పు.

ఆ వానాకాలం కుంట నిండి అలుగు పారుతున్నప్పుడు, తూముకు పక్కన కట్ట బయటి వైపు నీళ్లు ఊరడం కనిపించింది. మట్టికట్ట అన్నాక కొంత ఊట ఉంటుంది, దానికి భయపడాల్సిన పని లేదు. ఊళ్లో నీరటి పని, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే పని చేసిన పెద్దాయన ఒకరు వచ్చి చూసి, "నీళ్లు ఎన్ని వస్తున్నయని కాదు బిడ్డా, ఏ రంగున్నయో చూడు" అన్నాడు. స్టీలు చెంబులో పట్టి పక్కన పెడితే కాసేపటికి అడుగున సన్నటి మట్టి పేరుకుంది. అంటే నీళ్లతో పాటు కట్ట లోపలి మట్టి కూడా కొట్టుకొస్తోంది. లోపల బుంగ పెరుగుతోందన్న మాట. అప్పుడు పట్టుకుంది అసలు టెన్షన్.

బయటి నుంచి బంకమట్టి బస్తాలు కొట్టి మూసేద్దామని చాలామంది అన్నారు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సార్‌కు ఫోన్ చేస్తే, ఆ పని అస్సలు చేయొద్దన్నారు. అక్కడ మూస్తే ఒత్తిడి పెరిగి నీళ్లు ఇంకోచోట తన్నుకొస్తాయట. ఊట వచ్చే చోట ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆ పైన రాళ్లు పరవాలి. నీళ్లు బయటికి పోవాలి, మట్టి మాత్రం ఆగాలి. అలాగే చేశాం. తూము తెరిచి కుంటను మెల్లమెల్లగా దించాం. ఒక్కసారిగా ఖాళీ చేస్తే నానిన లోపలి వాలు జారిపోతుందని కూడా ఆయనే చెప్పారు. పొట్ట మీదున్న వరికి నీళ్లు పోతాయని పక్క రైతులు బాధపడ్డారు. వాళ్ల బాధ న్యాయమే. వాళ్లను కట్ట మీదికి తీసుకెళ్లి ఆ చెంబు చూపించాను.

సహాయం దొరుకుతుందేమోనని ఆఫీసుకు వెళ్తే, పట్టా కుంట కాబట్టి సర్కారు పనుల్లోకి రాదన్నారు. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మన కుంటలు ఆ లెక్కలోకే రావు. తనిఖీకి వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ఇలాంటి కట్ట ఉన్న రైతు తనకు తానే ఇంజనీరు కావాలని నా గట్టి నమ్మకం.

ఎండాకాలంలో తూము దగ్గర కట్టను అడుగుదాకా కోయించాం. నిట్టనిలువుగా కోయకుండా రెండు వైపులా వాలుగా కోయించాం. లోపల చూస్తే తూము రాళ్ల సందులు వదులై ఉన్నాయి. కట్ట మీది తుమ్మ వేరు తూము వెంటే పాకి, కుళ్లిపోయి, చెయ్యి పట్టేంత బొరియ మిగిల్చింది. కట్ట మీద చెట్లు నీడనిస్తాయని ఉంచుకుంటాం గానీ, చిన్నప్పుడే పీకేయడం మంచిది.

పాత తూము తీసేసి కాంక్రీటు పరుపు మీద సిమెంటు పైపు వేశాం. పైపు వెంట నీళ్లు దారి చేసుకోకుండా చుట్టూ అక్కడక్కడా కాంక్రీటు పట్టీలు కట్టాం. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది పైపు చుట్టూ మట్టి కూరడం మీద. అక్కడికి రోలర్ పోదు, మనుషులే దిమ్మిసతో కొట్టాలి. అర అడుగు మందాన మట్టి పరిచి, తడిపి, కొట్టి, దాని మీద మళ్లీ పరవాలి. తడి ఎంతుండాలంటే, పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి, చేతికి అంటకూడదు. జేసీబీ అతను ట్రాక్టర్లతో మట్టి గుమ్మరించి పైన తిప్పితే చాలన్నాడు. ఒప్పుకోలేదు. పైన గట్టిగా కనిపించినా లోపల గుల్లగా ఉంటే మొదటి వానకే కుంగుతుంది. పాత కట్టను మెట్లుగా చెక్కించి కొత్త మట్టిని దానికి కలిపాం. రేగడి ఒక్కటే వేస్తే ఎండకు నెర్రెలు విచ్చుతుంది, అందుకే దాన్ని నడుమ వేసి రెండు వైపులా మొరం కప్పాం. బయటి అడుగున ఇసుక పరిచి రాళ్లు పేర్చాం.

అలుగు దగ్గర ఇసుక బస్తాలు వేస్తే ఇంకో రెండడుగుల నీళ్లు నిలుస్తాయని ఒకరిద్దరు అడిగారు. కుదరదన్నాను. అలుగు మట్టానికి, కట్ట తలకు నడుమ ఉన్న మూడడుగులే పెద్ద వానకు రక్ష. 2020 అక్టోబరు వానలకు తెలంగాణలో ఎన్ని చెరువులకు గండ్లు పడ్డాయో మనమంతా చూశాం. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లడం మొదలైతే ఇక ఆపలేం.

మరుసటి వానలకు కుంటను ఒకేసారి నిండనివ్వలేదు. తూము తెరిచే ఉంచి, సగం దాకా నిలిపి, కొన్నాళ్లు చూసి, తర్వాత అలుగుదాకా రానిచ్చాం. ఇప్పటికీ కొద్దిగా ఊట ఉంది, కానీ తేట నీళ్లే. బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో, ఆ రోజు కుంటలో నీటి మట్టం ఎంతుందో నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. మట్టం పెరగకుండా ఊట పెరిగితే ఏఈ సార్‌కు ఫోన్ చేయాలని మా తమ్ముడికి కూడా చెప్పి ఉంచాను. కట్ట లోపలి వైపు రాతి పరుపు సగమే అయింది. మిగతాదానికి రాళ్లు తోలిస్తున్నాం.