కందుకూరు దగ్గర అమ్మ ట్రంకుపెట్టె

సింహపురి ఎక్స్‌ప్రెస్ సింగరాయకొండలో ఆగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. నా చేతిలో ఒక సూట్‌కేసు, అందులో నాలుగు తెల్లటి నూలు పంచెలు. కొత్త బట్టకుండే గంజి పూర్తిగా వదిలేదాకా వాటిని నాలుగుసార్లు వేడినీళ్లలో జాడించి ఆరేశాను. అమ్మ మిలటరీ యూనిఫాం వాటిలో చుట్టి హైదరాబాద్ తెచ్చుకోవాలని ఈ ప్రయాణం.

స్టేషన్ బయట టీ తాగి కందుకూరు వైపు వెళ్లే ఆటో ఎక్కాను. జనవరి 25. రోడ్డుకు రెండు పక్కలా పొగాకు చేలు, మధ్యమధ్యలో ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల నుంచి ఘాటు వాసన. సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు ఆ వాసన తగలగానే అమ్మ ‘ఇంక వచ్చేశాం’ అనేది. ఆమె పోయాక ఈ దారిన రావడం నాకిదే మొదటిసారి.

అమ్మ 1969లో మిలటరీ నర్సింగ్ సర్వీసులో చేరింది. 1971 డిసెంబర్ 3న యుద్ధం మొదలయ్యేనాటికి కలకత్తా అలీపూర్‌లోని కమాండ్ హాస్పిటల్లో లెఫ్టినెంట్, భుజానికి రెండు నక్షత్రాలు. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసిందని, డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందని, దాదాపు 93,000 మంది బందీలయ్యారని మేం బడిలో చదువుకున్నాం. అమ్మ లెక్క వేరు. ‘వార్డులో యుద్ధం ఆ రోజుతో అయిపోలేదు’ అనేది. మందుపాతర మీద కాలు పెట్టిన కుర్రాళ్లకు రెండో ఆపరేషను, మూడో ఆపరేషను అంటూ ఎండాకాలం దాకా నడిచిందట.

1974లో పెళ్లి కుదిరింది, ఉద్యోగం వదిలేసింది. అత్తగారింట్లో మిలటరీ నర్సు అన్న మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అందుకే పెట్టె పుట్టింట్లోనే ఉండిపోయింది. పెళ్లి చేసుకుందని 1988లో ఉద్యోగం నుంచి తీసేసిన ఒక మిలటరీ నర్సింగ్ ఆఫీసరుకు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ వార్త చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. వెంటనే ఫోన్ చేసి చెప్పాలనిపించిన మనిషి అప్పటికే లేదు.

నేను వెళ్లేసరికి చిన్నమ్మ వసారాలో స్టీలు గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. గిన్నెలో చింతపండు నానుతోంది.

“రేపు ఇరవై ఆరు గదా పాపా. మీ అమ్మ బిళ్లలు తోమాల” అంది.

నాకు గుండె జారింది. ఏటా జనవరి 26కు, ఆగస్టు 15కు ఆమె అమ్మ మెడల్స్ తోమి, కొంగున ముడేసుకుని ఊరి బడిలో జెండా ఎగరేసే దగ్గరికి వెళ్తుందని నాకు తెలుసు. చింతపండుతో తోముతుందని మాత్రం తెలియదు.

పెట్టె తెరవగానే కలరా ఉండల ఘాటు. పైన కాగితాలు, వాటి కింద గుడ్డలో మూట కట్టిన మెడల్స్. ఒకటి సంగ్రామ్ మెడల్, ఆ యుద్ధకాలంలో పనిచేసినందుకు. రెండోది 1972లో స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా ఇచ్చింది. వాటి పక్కనే పేరున్న పట్టీ. అన్నిటికన్నా అడుగున యూనిఫాం, భుజాల మీద ఇత్తడి నక్షత్రాలతోనే.

సంగ్రామ్ మెడల్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూశాను. అంచు మీద అమ్మ హోదా, పేరు కొట్టి ఉన్నాయి. పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం. పెళ్లయ్యాక ఎక్కడా రాయని అక్షరం. అవన్నీ అరిగి సన్నబడ్డాయి. ఇలాంటి మెడల్స్‌కు నకళ్లు బజార్లో దొరుకుతాయి, కానీ వాటి అంచున అమ్మ పేరు ఉండదు. మెడల్‌కు విలువంతా ఆ అంచులోనే ఉంది. ఇది రాగి, నికెల్ కలిసిన లోహం. పులుపు తగిలి తోమిన ప్రతిసారీ నలుపుతో పాటు లోహం కూడా కాస్త పోతుంది. ఇత్తడి పాలిష్‌లు కూడా అంతే.

తొందరపడి ఆ మాట మొహానే చెప్పేశాను. చిన్నమ్మ చేతులు గిన్నెలోంచి తీసి కొంగుకు తుడుచుకుంది.

“అయితే ఇన్నేండ్లూ నేనే అరగదీశానా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. లోపలికెళ్లి యూనిఫాం విప్పాను. చిరుగు లేదు, ఒక్క పురుగు రంధ్రం లేదు. యాభై ఏళ్లు దాటిన నూలు బట్ట, అదీ సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్లో! ఎలా ఉంచావని అడిగితే, వసారాలోంచే మెల్లగా చెప్పింది. “గంజి బట్ట దాస్తే పురుగు కొట్టుద్ది. అక్క తెచ్చిన రోజే గంజంతా పోయేట్టు ఉతికా. యాడాదికి రెండుసార్లు తీసి నీడన ఆరేస్తా.” నేను పంచెల గంజి వదిలించడం పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాను. ఆమెకది నేను పుట్టకముందే తెలుసు. 1979 మే తుపానులో పైకప్పు పెంకులు లేచిపోయి ఇంట్లోకి నీళ్లొస్తే, బియ్యం మూట వదిలేసి ఈ పెట్టెనే మంచం మీదికి ఎక్కించిందట. ఇదంతా అడిగితే తప్ప చెప్పలేదు.

వెళ్లి ఆమె పక్కన కూర్చుని, నువ్వు తెరిచి చూడకపోతే నాకు ఈ పెట్టెలో దుమ్మే మిగిలేదని చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు గానీ, గిన్నె పక్కకు జరిపింది. ఆ చింతపండుతోనే ఆ రాత్రి చేపల పులుసు పెట్టింది.

మధ్యాహ్నమంతా పని చేశాం. ముందు ఏది ఎక్కడ ఉందో అలాగే ఫోటోలు తీశాను. భుజం పట్టీలకున్న నక్షత్రాలు విప్పేశాను, ఇత్తడి చిలుము అప్పటికే బట్టకు ఆకుపచ్చగా అంటింది. కలరా ఉండలన్నీ ఏరేశాను. యూనిఫాం ఇస్త్రీ చేయలేదు. పాత మడత మీదే మళ్లీ మడిస్తే బట్ట అక్కడే తెగుతుంది కాబట్టి, మడత వచ్చే చోటల్లా చుట్టిన పంచె గుడ్డ లోపల పెట్టి గుండ్రంగా వంచాను. ప్లాస్టిక్ కవరు వాడలేదు, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

మోకాలి దగ్గర గోధుమరంగు మరక ఒకటుంది. అది టించర్ అయోడిన్ అని అమ్మ చెప్పేది. ఒకసారి చిన్నమ్మ బ్లీచింగ్ వేయబోతే ‘దాన్ని ముట్టుకోవద్దు’ అందట. నేనూ ముట్టుకోలేదు.

కాగితాలు జిరాక్స్ తీయించడానికి కందుకూరు వెళ్తే, షాపు అబ్బాయి లామినేషన్ చేస్తానన్నాడు. వద్దన్నాను. ఒకసారి వేడితో అతికించాక కాగితం మళ్లీ విడిగా రాదు. అక్కడ నిలబడే గమనించాను: చేరినప్పటి కాగితంలో అమ్మ జిల్లా నెల్లూరు, వదిలినప్పటి కాగితంలో ప్రకాశం. 1970 ఫిబ్రవరిలో కందుకూరు తాలూకాను నెల్లూరు నుంచి విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాకు వచ్చింది. పెట్టె మాత్రం ఆ గది దాటలేదు.

మర్నాడు ఉదయం బడికి వెళ్లాం. సంగ్రామ్ మెడల్‌ని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, రిబ్బను నలగకుండా చిన్న గుడ్డసంచిలో పెట్టి చిన్నమ్మకు ఇచ్చాను. అది ఆమె దగ్గరే ఉండాలని రాత్రే నిర్ణయించుకున్నాను. జెండా ఎగురుతున్నంతసేపూ ఆమె సంచిలో చెయ్యి పెట్టి అంచు మీద వేలు తిప్పుతూ ఉంది. శుక్లాలతో చూపు ఆనదు ఆమెకు.

“ఇక్కడుంది మా ఇంటిపేరు” అంది నా చెయ్యి లాగి, నా వేలు కూడా అక్కడ పెట్టించి.

సాయంత్రం ఆటో దగ్గర సూట్‌కేసు తనే ఎత్తి నా ఒళ్లో పెట్టింది. “ఆగస్టుకు బట్టలు తీసుకురా పాపా. ఒకపూట నీడన ఆరేద్దాం. పెట్టెలో పెట్టి మర్చిపోబాక.”

తెస్తానన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే ఉంది, ఒక చెయ్యి సంచిలోనే.