గాలి తగ్గేదాకా ఆగే ఉద్యోగం

మిషిగన్‌లో వాహన పరీక్షల విభాగంలో చేరిన కొత్తలో నా పనేమిటో మామయ్యకు ఫోనులో వివరించబోతే, జీవితమంతా లారీ నడిపిన ఆయన "న్యూట్రల్‌లో వేసి బండిని వదిలేయడానికి అమెరికా దాకా వెళ్ళాలేంట్రా?" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కోస్ట్‌డౌన్ పరీక్షలో కారును గంటకు 115 కిలోమీటర్లు దాటించి, న్యూట్రల్‌కు మార్చి, బ్రేకు తాకకుండా 15కు పడిపోయేదాకా దాని వేగాన్ని నమోదు చేస్తాం.

ఆ వేగం తగ్గే తీరులోంచి గాలి వాటానూ టైర్ల వాటానూ విడదీయడమే అసలు పని. 1,500 కిలోల మామూలు సెడాన్‌కు 100 కిలోమీటర్ల వేగంలో గాలి సుమారు 300 న్యూటన్ల బలంతో అడ్డుపడితే, 50 దగ్గర అది 75కు దిగుతుంది. టైర్ల నిరోధం మాత్రం రెండు వేగాల్లోనూ 150కి అటూ ఇటూగానే ఉంటుంది. కిలోమీటరుకు ఒక్క మీటరు వాలు కంటికి ఆనదు గాని, లెక్కలో దాదాపు 15 న్యూటన్లు కలిపేస్తుంది.

ఒహాయోలోని ఈస్ట్ లిబర్టీ ట్రాక్‌కు వెళ్ళినప్పుడు, ఇంటి దగ్గర మధ్యాహ్న భోజనాలు చేసే వేళకు మేము తెల్లవారుజామున గాలి తగ్గడం కోసం కాచుకుని ఉంటాం. ప్రతి పరుగుకూ ఎదురు దిశలో మరొకటి జతగా ఉండాలి. 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 2 మీటర్ల ఎదురుగాలి, గాలి నిరోధాన్ని 15 శాతం పెంచితే, తిరుగు పరుగులో అదే గాలి 14 శాతం తగ్గిస్తుంది కనుక సగటులో దాని ప్రభావం దాదాపు చెరిగిపోతుంది. పక్కగాలి ముందు ఈ ఉపాయం సాగదు. సాధారణంగా అది రెండు దిశల్లోనూ నిరోధాన్ని పెంచుతుంది.

వేగాన్ని బట్టి నిరోధం ఎలా మారుతుందో చెప్పే మూడు గుణకాలు చివరకు తేలతాయి. వాటిని ప్రయోగశాలలో కారును నిలిపిన చోటే రోలర్ల మీద నడిపించే డైనమోమీటర్‌కు ఇస్తే, రోడ్డు మీది నిరోధాన్ని దాని రోలర్లు అనుకరిస్తాయి. గుణకాలు తక్కువగా ఇస్తే, అక్కడ ఇంధనాన్ని ఎంత జాగ్రత్తగా కొలిచినా షోరూమ్ స్టిక్కరు మీద మైలేజీ ఎక్కువే కనిపిస్తుంది. 2012లో హ్యుందాయ్, కియా కార్ల మైలేజీ అంకెలు అసలుకన్నా ఎక్కువని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టిన వ్యవహారానికి మూలం ఇక్కడే ఉంది. అనుకూలంగా వచ్చిన ఫలితాలనే ఎంచుకున్నారన్న ఆరోపణ 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానాతో ముగిసింది. ఆ ప్రలోభం నాకు తెలియనిది కాదు, ఎందుకంటే రాత్రంతా కాచుకున్నాక వచ్చిన ఒక్క చక్కటి పరుగే నిజమని నమ్మాలనిపిస్తుంది. అందుకే ఏ పరుగునైనా రద్దు చేయాలంటే గాలి రీడింగును బట్టి, ఫలితం తెరమీదికి రాకముందే చేయాలని మా బృందంలో పట్టుబడతాను.