ఎర్ర గీత

పదకొండున్నర దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. కళ్లు మూసుకున్నా కంప్యూటర్లో సీ డ్రైవ్ కింద, చోటు నిండిపోయిందని చూపే ఆ ఎర్ర గీతే కనబడుతోంది. 465 జీబీలో మిగిలింది 11. నిన్న 19 ఉండేది. మధ్యలో నేను చేసిందేమీ లేదు, అప్‌డేట్ ఒకటి వచ్చింది, అంతే.

కొత్త ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే అన్నీ దాచుకునే డిస్క్, కొనాలనుకుని వారమైంది. ఏది కొనాలో మాత్రం తేలట్లేదు. ఉన్న డబ్బులకి బాగా వేగమైనది ఒక టీబీ, అంటే వెయ్యి జీబీ, వస్తుంది, లేదంటే కాస్త నెమ్మదిది రెండు టీబీ వస్తుంది. పొద్దున్నుంచి ఫోన్లో తమ్ముడిది ఒకటే పోరు. "అక్కా, స్పీడ్ చూసుకో. చోటు చాలకపోతే తర్వాత ఎక్స్‌టర్నల్ పెట్టుకోవచ్చు." వాడు ఎంత గట్టిగా చెప్తాడో మీకు తెలిసిందే. మధ్యాహ్నం దాకా నేనూ వేగం వైపే ఉన్నాను.

వాడిదీ తప్పు కాదు. హార్డ్‌డిస్క్ తీసి మొదటి ఎస్‌ఎస్‌డీ పెట్టిన రోజు గుర్తుంది. అంతకుముందు బటన్ నొక్కి, వెళ్లి మంచినీళ్లు తాగొచ్చినా ఇంకా డిస్క్ గరగరలాడుతూనే ఉండేది. ఆరోజు కుర్చీ ముందుకు లాక్కునేలోపే డెస్క్‌టాప్ వచ్చేసింది. ఎంత సంబరమేసిందో.

ఆ సంబరం రెండోసారి రాదు. ఒళ్లు మండేది ఇక్కడే. పెట్టె మీద ఇంతేసి అక్షరాలతో సెకనుకు 7,000 ఎంబీ అని వేస్తారు. పక్కన చీమంత అక్షరాలతో "వరకు". ఆ ఒక్క మాట వెనక ఎన్ని దాచారో! నా మదర్‌బోర్డులో డ్రైవ్ పెట్టే స్లాట్ పాత తరం పీసీఐఈ 3.0. డేటా నడిచే దాని నాలుగు దారులూ (లేన్లు) వాడినా అది 3,500 దగ్గర ఆగిపోతుంది. పోనీ అనుకుంటే, ఆ లెక్క కూడా ఒక పెద్ద ఫైలును వరసగా చదివినప్పటిది. విండోస్ లేచేటప్పుడు చదివేవి ఎక్కువగా వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు. వాటిని ఒక్కొక్కటిగా అడిగితే, ఆ స్లాట్‌లో పెట్టే ఎన్‌వీఎంఈ రకం డ్రైవ్, మామూలుగా దొరికేది, ఎంత మంచిదైనా వంద ఎంబీకి అటూఇటూ తిరుగుతుంది. 550 దగ్గర ఆగే నా పాత సాటా (కేబుల్‌తో తగిలించే పాత రకం) డ్రైవ్‌కీ దానికీ బూట్ అవడంలో తేడా ఒకట్రెండు సెకన్లు. ఆ సెకన్ల కోసం సగం చోటు వదులుకోమంటారా?

అసలు నేనింత పట్టుబట్టడానికి కారణం అమ్మమ్మ వీడియో.

మూడేళ్ల కిందట ఇలాగే డిస్క్ నిండిపోతే, పాత వీడియోలన్నీ చిన్న సైజుకి కుదించి అసలువి చెరిపేశాను. అందులో అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తున్నది ఒకటుంది, నాలుగు నిమిషాలది. దారం కొసను పెదవులతో తడిపి, వేళ్ల మధ్య నులిమి, సూదిని కిటికీ వెలుగుకి ఎత్తి ఒక కన్ను మూస్తుంది. మూడుసార్లు తప్పిపోయి నాలుగోసారి ఎక్కుతుంది. అసలు వీడియోలో దారం బెజ్జంలోంచి ఇవతలికి రావడం స్పష్టంగా కనబడేది. ఇవాళ సాయంత్రం పెద్ద తెర మీద పెట్టి చూశాను. చేతులున్నాయి, గాజులున్నాయి, దారం లేదు. వేళ్ల మధ్య బూడిదరంగు గళ్లు కదులుతున్నాయి. ఒకటిన్నర జీబీ ఫైలు అది. ఆ మాత్రం చోటు లేక చెరిపేశాను.

ఇక రెండు టీబీయే అనుకుని ఆర్డర్ పెట్టబోతే, వివరాల్లో అట్టడుగున క్యూఎల్‌సీ అని కనబడింది. మళ్లీ టెన్షన్. అంటే చిప్పులోని ఒక్కో సెల్‌లో నాలుగేసి బిట్లు కుక్కుతారు. మొదట కొంత భాగాన్ని ఒక్కో బిట్టే రాసే వేగమైన క్యాష్‌గా (తాత్కాలిక నిల్వగా) వాడుకుంటుంది కాబట్టి కాసేపు బాగానే పరిగెడుతుంది. డ్రైవ్ నిండేకొద్దీ ఆ క్యాష్ కుంచించుకుపోతుంది. అది అయిపోయాక పెద్ద కాపీ పెడితే రాసే వేగం హార్డ్‌డిస్క్ స్థాయికి పడిపోయేవీ ఉన్నాయి. నేను పెట్టేవన్నీ పెద్ద కాపీలే. కాసేపు తమ్ముడే రైటేమో అనిపించింది. అదే మోడల్ పేరుతో లోపలి చిప్పులు మార్చేసిన కంపెనీలున్నాయని చదివాక ఇంకా మండింది. కొనేవాళ్లకి చెప్పొద్దా?

గంట వెతికితే సెల్‌కి మూడు బిట్లే పెట్టే టీఎల్‌సీ చిప్పులతో రెండు టీబీది దొరికింది. వేగం 3,500, నా స్లాట్‌కి సరిగ్గా సరిపోతుంది. చెరిపి రాసినవన్నీ కలిపి 1,200 టీబీ రాసేదాకా వారంటీ. ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే సొంత మెమరీ (డీర్యామ్) లేదు, పీసీ ర్యామ్‌లోనే కాస్త వాడుకుంటుంది. అది నాకు పర్వాలేదు. విండోస్ పాత దాంట్లోనే ఉంటుంది. ఫొటోలు, వీడియోలు కొత్త దాంట్లోకి వెళ్తాయి. ఇంత తేలికైన దారి వారం నుంచి తట్టలేదు.

ఒక్కటే చూసుకోవాలి. కొన్ని బోర్డుల్లో కొత్త డ్రైవ్ కూర్చునే ఎం.2 స్లాట్ నింపితే, పాత డ్రైవ్ లాంటివి తగిలించే సాటా పోర్టు ఒకటి పనిచేయదు. మాన్యువల్ చిన్నోడి పుస్తకాల కింద ఎక్కడో ఉండాలి. డ్రైవ్‌ని బిగించే ఆ బుల్లి స్క్రూ అసలు బోర్డుకి ఉందో లేదో కూడా తెలీదు. పొద్దున్నే కేబినెట్ విప్పి చూసి, అప్పుడు ఆర్డర్ పెడతాను.