ఒక్క రోజు తప్పితే

నిన్న వాన. భద్రకాళి బండ్ మీద నడకకు వెళ్లలేదు. పాత నేనైతే అక్కడితో సరి, బూట్లు మళ్లీ ఉగాదికే బయటికి వచ్చేవి. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట నమ్మి, ఇరవై రెండో రోజూ దుప్పటి వదలబుద్ధి కాకపోతే లోపం నాదేననుకునేవాడిని.

లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక పని అప్రయత్నంగా జరిగే స్థాయికి రావడానికి సుమారు 66 రోజులు పడుతుందని తేలింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదట! ఈ ఒక్క వాక్యం ముందే తెలిసి ఉంటే గ్రూప్స్ చదువును మూడుసార్లు అటకెక్కించేవాడిని కాదు.

పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త చెప్పినట్టు ‘ఎప్పుడు, ఎక్కడ’ అన్నది కూడా ముందే తేల్చుకున్నాను. పొద్దున్నే టీ గ్లాసు కింద పెట్టగానే బూట్లు. సంకల్పబలం మీద ఉపన్యాసాలు దంచే మా బాబాయికి చెబితే నవ్వారు. ఆయన బూట్లు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి.

ఈ రోజు నలభై ఒకటో రోజు. “నిన్నటిది కలిపా, తీసేసా?” అని మా ఆవిడ అడుగుతోంది.